ఆకాశమున ఎండమావులు

చూచుట వేరు, ఎరుగుట వేరు. కన్ను చూచును, చూచినది ఏదియో నిర్ణయించునది బుద్ధి. మయసభలో అడుగిడిన దుర్యోధనుడు నీరు లేనిచోట నీరున్నదని భ్రమించి వస్త్రములు పైకెత్తి నడచెను. నీరున్నచోట నేల యని తలచి మడుగులో పడెను. లేనిదానిని ఉన్నదనుకొనుట ఒక పొరపాటు. ఉన్నదానిని లేదనుకొనుట మరియొక పొరపాటు. మొదటిది నవ్వులపాలు చేయును. రెండవది నీట ముంచును.

ఇరువదవ శతాబ్దమున మానవుడు తనకొక క్రొత్త కన్నును అమర్చుకొనెను. దాని పేరు రాడారు. చీకటిలోను, మబ్బులోను, మంచులోను వంద మైళ్ల ఆవలి విమానమును పసిగట్టగల ఈ కన్నునకు కూడ ఆ రెండు పొరపాట్లును తప్పలేదు. లేని విమానములను అది చూపినది. ఉన్న విమానములను మరుగుపరచినది. విమానముల రాకపోకలను నియంత్రించువారు దశాబ్దములుగా ఈ రెండు పొరపాట్ల నడుమ దారి వెదకుకొనుచున్నారు. ఆ వెదకులాట కథయే ఈ ప్రసంగమునకు విషయము.

రాడారు పుట్టుక రేడియో శ్రోతలకు ఆత్మీయముగ తోచవలసిన సంగతి. ఏలనన అది ఒక ప్రసార కేంద్రపు నీడలో పుట్టినది. 1935 ఫిబ్రవరి 26వ తేదీన ఇంగ్లండులోని డావెంట్రీ వద్ద బి.బి.సి. వారి షార్ట్‌వేవ్ ప్రసార యంత్రము పనిచేయుచుండెను. కొన్ని మైళ్ల దూరమున ఒక పొలములో నిలిపిన బండిలో రాబర్ట్ వాట్సన్ వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ అను శాస్త్రజ్ఞులు గ్రాహక యంత్రము ముందు కూర్చుండిరి. హేఫర్డ్ అను బాంబరు విమానము ఒకటి ఆ ప్రాంతముపై ఎగిరిపోవగా, ప్రసార యంత్రము నుండి వెలువడిన అలలు దాని దేహమును తాకి చెదరి వచ్చి, బండిలోని తెరపై గల వెలుగు గీతను కదలించినవి. పాటలను, వార్తలను మోసికొని పోవు అలయే విమానపు జాడను కూడ మోసికొని రాగలదని ఆనాడు తేలినది.

దీనిలోని సూత్రము మిక్కిలి సులభము. రేడియో అల సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. 150 కిలోమీటర్ల దూరముననున్న విమానమును తాకి తిరిగివచ్చుటకు దానికి పట్టు కాలము సెకనులో వేయవవంతు. ఏరియల్ ఏ దిక్కునకు తిరిగియున్నది, ప్రతిధ్వని ఎంత సేపటికి వచ్చినది — సామాన్య రాడారునకు స్వయముగ తెలిసినవి ఈ రెండు సంగతులే. తక్కినవి అన్నియు ఊహలు. అల తిన్నగా పోయి తిన్నగా తిరిగివచ్చినదని ఒక ఊహ. ఇప్పుడు వచ్చిన జవాబు ఇప్పుడు పంపిన అలకే చెందినదని రెండవ ఊహ. జవాబిచ్చిన వస్తువు విమానమే యని మూడవ ఊహ. ఈ మూటిలో ఏ ఒక్కటి తప్పినను తెరపై ఒక అబద్ధపు చుక్క పుట్టును.

మూడవ ఊహ అన్నింటికంటె ముందుగా తప్పినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు తీరమును కాచుచుండిన రాడారు కేంద్రములలో, విమానము గాని ఓడ గాని లేని చోటులనుండి ప్రతిధ్వనులు వచ్చుచుండెను. ఏమియు కనబడని చోటనుండి వచ్చు ఈ జవాబులకు సిబ్బంది 'దేవదూతలు' అని పేరు పెట్టిరి. డేవిడ్ లాక్, జార్జి వార్లీ అను జీవశాస్త్రజ్ఞులు వీనిలో పెక్కు పక్షులని గుర్తించిరి. భౌతిక శాస్త్రజ్ఞులు కొందరు ఈ మాటను వెంటనే అంగీకరింపలేదు. పిడికెడు పిట్ట రేడియో అలను త్రిప్పి పంపునా యని వారి సందేహము. కాని దూరదర్శినితో చూచినవారికి ఆ దిక్కున పక్షులు కనబడినవి. యుద్ధము ముగిసిన 1945లో ఈ విషయము నేచర్ పత్రికలో ప్రకటితమైనది. తరువాతి కాలమున మార్కొనీ సంస్థకు చెందిన ఎరిక్ ఈస్ట్‌వుడ్ బృందము ఇంకను విచిత్రమైన సంగతిని కనుగొనెను. వేకువ వేళ రాడారు తెరపై ఒక బిందువు చుట్టును వలయములు పుట్టి, చెరువులో రాయి వేసినపుడు అలలు విస్తరించినట్లు, ఒకదాని వెంట ఒకటి విస్తరించుచుండెను. అవి గూళ్లనుండి దఫదఫాలుగా మేతకు బయలుదేరు స్టార్లింగు పిట్టల గుంపులు. విమాన నియంత్రణాధికారికి పీడయైన ఆ చుక్కలే పక్షిశాస్త్రమునకు పెన్నిధి యైనవి. రాత్రులందు వలసపోవు పక్షుల దారులను మానవుడు తొలిసారిగా చక్కగా చూచినది రాడారు తెరపైననే.

రెండవ ఊహ తప్పుటకు మన దేశపు తీరమే ప్రసిద్ధమైన ఉదాహరణము. అదే యుద్ధకాలమున బొంబాయి తీరమున నెలకొల్పిన రాడారునకు వేసవి దినములలో అరేబియా సముద్రపు ఆవలి ఒడ్డు కనబడెను. ఆ దూరము వేయి మైళ్లకు పైబడినది. భూగోళపు వంపును బట్టి చూచినచో అది కనబడుటకు వీలులేదు. భూమిమీదినుండి వీచు పొడి వేడిగాలి, సముద్రముపైనున్న చల్లని తేమగాలిపై కప్పువలె పరచుకొనును. ఆ కప్పునకును నీటికిని నడుమ రేడియో అల, కాలువలోని నీటివలె, పైకి పోలేక భూమి వంపు వెంబడి ప్రవహించును. అట్లు దూరమునుండి వచ్చిన జవాబు సకాలమున చేరదు. రాడారు సెకనుకు వేయిసార్లు అలలను పంపుననుకొందము. 200 కిలోమీటర్ల దూరపు కొండనుండి రావలసిన జవాబు, మరుసటి అల వెడలిన పిదప గాని చేరదు. యంత్రము దానిని ఆ రెండవ అలకు జవాబుగా లెక్కించి, కొండను 50 కిలోమీటర్ల దూరముననే చూపును. కొండ అబద్ధము కాదు. అది ఉన్నచోటు అబద్ధము.

ఇట్టి భ్రాంతికి ఎంత వెల చెల్లవలసి వచ్చునో 1943 జూలై నెలాఖరున ఉత్తర పసిఫిక్ సముద్రమున తెలియవచ్చెను. అల్యూషియన్ దీవులలోని కిస్కా అప్పుడు జపానువారి స్వాధీనమున ఉండెను. దానికి కావలి కాయుచున్న అమెరికా నౌకాదళమున మిసిసిపీ, ఐడహో మొదలగు యుద్ధనౌకల రాడారు తెరలపై చీకటిలో కొన్ని చుక్కలు కనబడినవి. శత్రువుల ఓడలే యని నిశ్చయించి 14 అంగుళముల గుండ్లు 518, 8 అంగుళముల గుండ్లు 487 ప్రయోగించిరి. అవి ఏ ఓడకును తగులలేదు. తగులుటకు అచట ఓడయే లేదు. తెల్లవారిన పిదప సముద్రముపై ఒక విరిగిన పలకయైనను తేలియాడలేదు. అవి దూరపు దీవుల కొండలనుండి వచ్చిన ప్రతిధ్వనులని కొందరును, గుంపులుగా ఎగురు సముద్రపక్షులని మరికొందరును వివరించిరి. నౌకాదళము ఇంధనము నింపుకొనుటకు తొలగిన వేళ, జూలై 28న, పొగమంచు మాటున జపాను ఓడలు నిజముగనే వచ్చి, కిస్కాలోని అయిదువేల పైచిలుకు సైనికులను ఎక్కించుకొని వెడలిపోయినవి. ఆగస్టు 15న మిత్రరాజ్యముల సేనలు దిగునప్పటికి దీవి నిర్మానుష్యముగ ఉండెను.

దీనికి సరిగా ఎదురుగ నిలుచు ఘట్టము అంతకు మునుపే జరిగినది. 1941 డిసెంబరు 7వ తేదీ ఉదయము 7 గంటల 2 నిమిషములకు హవాయి దీవులలోని ఓపానా రాడారు కేంద్రమున ఇద్దరు సైనికులు సుమారు 130 మైళ్ల దూరమున ఒక పెద్ద ప్రతిధ్వనిని చూచి వెంటనే పై అధికారికి తెలిపిరి. అవి స్వదేశమునుండి రావలసిన తమ విమానములే యని అధికారి తలచెను. అవి పెర్ల్ హార్బరుపై దాడికి వచ్చుచున్న జపాను విమానములు. యంత్రము తన పని చేసినది. ఆ చుక్క పేరేమిటో చెప్పు శక్తి మాత్రము దానికి లేకుండెను.

యుద్ధము ముగిసిన పిదప రాడారు విమానాశ్రయములకు వచ్చెను. సమస్య కూడ దాని వెంట వచ్చెను. వచ్చి మరింత సున్నితమైనది. సముద్రముపై అబద్ధపు చుక్కకు గుండ్లు వ్యర్థమగును. విమానాశ్రయమున అధికారి ఒక తెలియని చుక్కను తప్పించుటకు, ప్రయాణికులతో వచ్చుచున్న విమానమును ప్రక్కకు త్రిప్పవలసియుండును. లేనిదానిని తప్పించుటకై త్రిప్పిన విమానము, ఉన్న మరియొక విమానపు త్రోవలో పడవచ్చును. అట్లని ప్రతి వింతచుక్కను ఉపేక్షించినచో, వానిలో ఏ ఒక్కటియో నిజము కావచ్చును. నిర్ణయమునకు దొరకు వ్యవధి కొన్ని సెకనులు మాత్రమే.

ఈ చిక్కు లోకమునకంతకు తెలిసినది 1952లో, అమెరికా రాజధాని వాషింగ్టనులో. జూలై 19వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషములకు నేషనల్ విమానాశ్రయమున ఎడ్వర్డ్ నూజెంట్ అను నియంత్రణాధికారి తన తెరపై ఏడు చుక్కలను చూచెను. నగరమునకు నైరుతి దిశగా పదునైదు మైళ్ల దూరమున, ఏ విమానమును ఉండవలసిన అవసరము లేని చోట అవి ఉండెను. ఆయన పై అధికారి హారీ బార్న్స్ వచ్చి చూచెను. యంత్రము చెడినదేమో యని పరీక్షింపజేసిరి, చెడలేదు. విమానాశ్రయపు గోపురములోని వేరొక రాడారును అడుగగా, దానిపైనను చుక్కలు కలవని జవాబు వచ్చెను. సమీపమున గల ఆండ్రూస్ వైమానిక స్థావరమునుండి కూడ అట్టి వార్తయే అందెను. ఒకానొక సమయమున మూడు రాడారులును ఒకే చోట ఒకే చుక్కను చూపి, మూటిలోను అది ఒక్కసారిగా మాయమయ్యెనని తరువాత చెప్పిరి. ఆ మార్గమున పోవుచున్న విమాన చోదకుడొకడు తనకు దీపములు కనబడినవనెను. తెల్లవారుజామున డెలవేరు రాష్ట్రమునుండి యుద్ధవిమానములు రాగా చుక్కలు అదృశ్యమైనవి; అవి మరలిపోగా చుక్కలు తిరిగివచ్చినవి.

వారము తిరుగకముందే, జూలై 26 రాత్రి, ఇదియే మరల జరిగెను. పత్రికలలో ఎగిరే పళ్లెముల వార్తలు పతాక శీర్షికలైనవి. అధ్యక్షుడు ట్రూమన్ కార్యాలయమునుండి వైమానిక దళమునకు ప్రశ్నలు వచ్చినవి. జూలై 29న వైమానిక దళపు సమాచార విభాగాధిపతి మేజర్ జనరల్ శామ్‌ఫర్డ్ పత్రికా విలేఖరుల సమావేశము జరిపి, ఈ చుక్కలు వాతావరణము కల్పించిన భ్రాంతులు కావచ్చునని చెప్పెను. విలేఖరులలో పలువురు దానిని తప్పించుకొను మాటగా తలచిరి. రాత్రియంతయు తెర ముందు కూర్చున్న నియంత్రణాధికారులలోను కొందరు ఈ వివరణను అంగీకరింపలేదు. ఆ రాత్రి ఉష్ణోగ్రతలలోని తేడా స్వల్పమే యనియు, నేల ప్రతిధ్వనులను తాము ప్రతిదినము చూచుచునే యుంటిమనియు వారి వాదము. అది త్రోసిపుచ్చదగిన వాదము కాదు, అనుభవజ్ఞుల మాట.

అయితే ఆ రెండవ రాత్రి జరిగిన ఒక చిన్న సంగతి మిక్కిలి అర్థవంతమైనది. నియంత్రణాధికారులు ఒక విమానమును చుక్కల వైపునకు పలుమారులు నడిపించిరి. చుక్క ఉన్నదన్న చోటికి చేరగా ఆకాశమున చోదకునికి ఏమియు కనబడలేదు. ఒకసారి క్రిందికి చూడగా, పొటోమాక్ నదిలో మౌంట్ వెర్నన్ వైపునకు విహారయాత్రికులను గొనిపోవు స్టీమరు కనబడెను. ఆకాశమున వెదకుచున్న వస్తువు నీటిపై తాపీగా పోవుచుండెను!

అట్లు నీటిపైనున్న ఓడ ఆకాశమునకు ఎట్లు ఎక్కినది? సామాన్యముగ నేలనుండి పైకి పోవుకొలది గాలి చల్లబడును. కొన్ని రాత్రులందు ఈ క్రమము తలక్రిందులగును. నేలను అంటియున్న గాలి చల్లగను, దానిపై పొర వెచ్చగను ఉండును. చలికాలపు వేకువ పల్లెలలో పొయ్యిపొగ పైకి పోక ఇండ్ల కప్పులపై చాపవలె పరచుకొనుట మీరు చూచియుందురు. ఆ పొగను అణచియుంచునది ఇట్టి వెచ్చని పొరయే. రేడియో అల ఆ పొరలో వంగును. ఎండకాచిన దారిపై లేని నీటిని చూపు ఎండమావి ఎట్టిదో ఇదియు అట్టిదే. అచట వంగునది వెలుగు, ఇచట వంగునది రేడియో అల. ఆకాశమునకు పంపిన అల వంగి నేలను తాకి, వచ్చిన దారినే మరలిపోయి, నేలమీది వస్తువును ఆకాశవస్తువుగా చూపును.

మరి నేల కదలదు గదా, చుక్కలు కదలుట ఎట్లు? ఈ ప్రశ్నను అమెరికా పౌరవిమానయాన శాఖకు చెందిన బోర్డెన్, వికర్స్ అను పరిశోధకులు చేపట్టిరి. వారు 1952 ఆగస్టులో అదే వాషింగ్టనులో రాడారు తెరలను పరిశీలించి, చుక్కల నడకను ఆనాటి గాలుల లెక్కలతో సరిపోల్చిరి. 1953 మే నెలలో వెలువడిన వారి నివేదికలో ఒక చక్కని ఆనవాలు కలదు. చుక్కలు గాలి వీచు దిక్కుననే పోవుచుండెను. వాని వేగము గాలి వేగమునకు ఇంచుమించు రెండింతలు. బాలుడొకడు చేతి అద్దముతో ఎండను గోడపైకి పంపి ఆడుకొనును. అద్దము ఇంచుక కదలగనే గోడపై వెలుగు బారెడు కదలును. వెచ్చని పొరలోని హెచ్చుతగ్గులు గాలితో కొట్టుకొనిపోవుచు అట్టి అద్దములుగ పనిచేసినవని వారి సిద్ధాంతము. అబద్ధపు చుక్క తన చిరునామాను తానే ఇచ్చినట్లైనది. ఆ రెండు రాత్రుల ప్రతి చుక్కకును ఈ సమాధానము చాలునా యని వాదించువారు నేటికిని కలరు. కాని నియంత్రణశాస్త్రమునకు అందిన పాఠము స్థిరమైనది: తెరను చదువుటకు ముందు నాటి గాలిని చదువవలెను.

ఇక చికిత్సల సంగతి. స్టేషనును దాటిపోవు రైలు కూత స్థాయి మారుట మనకు తెలియును. కదలుచున్న విమానమునుండి వచ్చు ప్రతిధ్వనిలోను అట్టి మార్పు ఉండును. కొండకును, భవనమునకును ఉండదు. ఈ తేడానుబట్టి కదలని వస్తువులను తెరనుండి తుడిచివేయు ఏర్పాటు యుద్ధకాలముననే ఆరంభమై, తరువాత విమానాశ్రయములకు వచ్చెను. తెర శుభ్రమైనది. కాని ప్రతి చికిత్సకును ఒక పథ్యము కలదు. రాడారునకు దగ్గరకు రాక, దూరమునకు పోక, దాని చుట్టును వృత్తముగ పోవు విమానము, ఆ యంత్రపు లెక్కలో కదలనిదే. దానిని కూడ తుడిచివేయవచ్చును. మరికొన్ని ప్రత్యేక వేగములందును ఇట్లే జరుగును. అబద్ధమును తుడుచు గుడ్డ నిజమును కూడ తుడువగలదని ఇంజనీర్లు ఆనాడే గ్రహించిరి.

రెండవ చికిత్స ఇంతకంటె లోతైనది. వీధిలో అడుగుల చప్పుడు వినబడినపుడు ఇంటివారు, "ఎవరది?" అని అడుగుదురు. పేరు చెప్పి జవాబిచ్చినచో తలుపు తీయుదురు. యుద్ధమున తమవారిని, పరులను వేరుచేయుటకు పుట్టిన ఈ పద్ధతియే పౌరవిమానయానమున ద్వితీయ రాడారు అయినది. నేలనుండి 1030 మెగాహెర్ట్జుల అలపై ప్రశ్న పోవును. విమానములోని ట్రాన్స్‌పాండరు 1090 మెగాహెర్ట్జుల అలపై తన సంఖ్యను, ఎత్తును తెలుపును. పక్షి జవాబీయదు, కొండ జవాబీయదు, స్టీమరు జవాబీయదు. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌పై రెండు విమానములు ఢీకొని 128 మంది మరణించిన పిదప, ఆకాశపు కావలిని బలపరచు ప్రయత్నములు ఆ దేశమున త్వరితమైనవి.

అయినను దయ్యములు పూర్తిగ పోలేదు. వేషము మార్చుకొని వచ్చినవి. డాబాలపై ఏంటెనాలుండిన రోజులలో టెలివిజను బొమ్మ ప్రక్కన మరియొక నీడబొమ్మ కనబడుట చాలమంది ఎరుగుదురు. కేంద్రమునుండి తిన్నగా వచ్చిన అల ఒకటి, ఎత్తైన కట్టడమును తాకి ఆలస్యముగ వచ్చిన అల మరియొకటి కలిసి చేసిన చిత్రమది. అదే విధముగ రాడారు ప్రశ్న విమానశాల గోడను తాకి విమానమును చేరినచో, జవాబు కూడ ఆ దారినే వచ్చి, ఒక్క విమానము రెండు దిక్కులలో కనబడును; రెండింటికిని ఒకే సంఖ్య. ఏరియల్ ప్రక్కలనుండి కారిపోవు బలహీనమైన ప్రశ్నకు కూడ దగ్గరి విమానము బదులిచ్చిన యెడల, దాని చుక్క కేంద్రము చుట్టును ఉంగరమువలె పరచుకొనును. పొరుగు రాడారు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మన రాడారు చెవిని పడుటయు కలదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క విరుగుడు కనుగొనిరి. ప్రశ్నతోపాటు అన్ని దిక్కులకును మరియొక సంకేతము పంపి, ప్రశ్న దానికంటె బిగ్గరగ వినబడినప్పుడే బదులిమ్మని ట్రాన్స్‌పాండరునకు నేర్పిరి. పిమ్మట ప్రతి విమానమునకును స్వంత చిరునామా నిచ్చి, దానినే పేరుపెట్టి పిలుచు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ పద్ధతిలో 1,67,77,216 చిరునామాలకు చోటు కలదు.

జవాబులేని చుక్క ఎంత అసంపూర్ణమో మన దేశము గొప్ప దుఃఖముతో తెలిసికొనెను. 1996 నవంబరు 12 సాయంకాలము హర్యానాలోని చర్ఖీ దాద్రీపై సౌదీ, కజఖ్‌స్తాన్ విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. కజఖ్ విమానము తనకు నిర్ణయించిన 15,000 అడుగుల ఎత్తుకంటె క్రిందికి దిగెనని విచారణలో తేలినది. ఢిల్లీ నియంత్రణాధికారి ముందున్నది ప్రాథమిక రాడారు. ఆ తెరపై చుక్కలు రెండును నిజములే. వాని ఎత్తును తెలుపు ద్వితీయ రాడారు మాత్రము అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. ఒకదానిపై ఒకటి క్షేమముగ పోవు రెండు విమానములును, ఢీకొనబోవు రెండు విమానములును ఆ తెరపై ఒకే రీతిగ కనబడును.

ఇంతకంటె సూక్ష్మమైన హెచ్చరిక మరుసటి యేడు పసిఫిక్ దీవియైన గువామ్ నుండి వచ్చెను. నేలకు ప్రమాదకరముగ దిగివచ్చు విమానమును కనిపెట్టి నియంత్రణాధికారిని హెచ్చరించు కంప్యూటరు ఏర్పాటు అచట ఉండెను. కాని అది కారణము లేకయే తరచు మ్రోగుచు పనికి అడ్డు తగులుచుండెను. ఆ అబద్ధపు హెచ్చరికలను తగ్గించుటకై, రాడారు చుట్టును 54 మైళ్ల మేర అది మ్రోగకుండునట్లు మార్పు చేసిరి. అనగా విమానములు దిగు ప్రదేశమంతయు దాని చూపునకు వెలియైనది. 1997 ఆగస్టు 6న సియోల్ నుండి వచ్చిన కొరియన్ ఎయిర్ విమానము దిగుటకు సిద్ధమగుచు, రన్‌వేకు చేరకముందే నిమిట్జ్ కొండను తాకి కూలెను. 254 మందిలో 228 మంది మరణించిరి. ముఖ్య కారణము చోదకుల పొరపాటే యని విచారణ నిర్ణయించెను. ఆ ఏర్పాటు యథావిధిగ ఉన్నచో సుమారు ఒక నిమిషము ముందుగ హెచ్చరిక వచ్చియుండెడిదనియు, దానిని అణచివేయుట ప్రమాదమునకు తోడ్పడిన కారణములలో ఒకటియనియు తేల్చెను. పులి వచ్చెనని పలుమారు అబద్ధమాడిన గొల్లపిల్లవాని కథ మన పిల్లలకందరకు తెలియును. ఇచట పెద్దలు ఒక అడుగు ముందుకు వేసి, పిల్లవాని నోటికి గుడ్డ కట్టిరి. పులి వచ్చిన నాడు కేక వేయుటకు వాడు కూడ లేడు.

నేడు తెరను మొదట చదువునది కంప్యూటరు. వచ్చిన ప్రతి చుక్కను అది వెంటనే నమ్మదు. ఏరియల్ పలుమారు తిరుగువరకు దాని నడకను గమనించి, విమానము పోవు తీరున పోవుచున్నదా యని లెక్క చూచి, ఆ పిమ్మట గాని దానికి స్థానమీయదు. అయినను కాలము క్రొత్త భ్రాంతులను తెచ్చుచునే యున్నది. గాలిమరలు నిలిచినచోటనే నిలిచినను, వాని రెక్కలు తిరుగుచుండుటచే రాడారునకు ఎగిరిపోవు వస్తువులవలె తోచును. విమానములు తమ స్థానమును ఉపగ్రహముల సాయముతో తామే ప్రకటించు పద్ధతి వచ్చినది. 2023 తరువాత యుద్ధప్రాంతముల సమీపమున తప్పుడు ఉపగ్రహ సంకేతములచే విమానములే తాము లేనిచోట ఉన్నామని నమ్మిన ఉదంతములు బయటపడినవి. పూర్వము చూచువాడు మోసపోయెడివాడు. ఇపుడు జవాబిచ్చువాడే మోసపోవుచున్నాడు. కావుననే ఉపగ్రహములపై ఆధారపడని పాత రాడారును పెక్కు దేశములు విడువక నిలుపుకొనుచున్నవి. ఒక సాక్షి మాటను మరియొక సాక్షి మాటతో సరిచూచుకొనుట న్యాయస్థానమునకే కాదు, ఆకాశమునకు కూడ అవసరమే.

ఈ కథలో మరియొక మలుపు కలదు. విమాన నియంత్రణాధికారి తుడిచివేయగోరు వాన జాడలను, మచిలీపట్నములోని వాతావరణ రాడారు ఏరి తెచ్చి మనకు తుపాను వార్తగా అందించును. ఆకాశవాణిలో ఆ వార్త విని జాలరులు పడవలను ఒడ్డునకు చేర్చుదురు. లాక్ పండితునకు పక్షులు, బోర్డెన్, వికర్స్‌లకు గాలి పొరలు దొరికినది ఇతరులు చెత్త యని త్రోసివేసిన చుక్కలలోననే. అలలు తాము తాకినదానిని గూర్చి దాపరికము లేక చెప్పును. వానికి మనము పెట్టు పేరులోననే భ్రాంతి పుట్టును.

ఈ రాత్రి మీరు రేడియో కట్టి నిద్రకు ఉపక్రమించు వేళ, ఏదో ఒక విమానాశ్రయమున ఒక అధికారి తెర ముందు కూర్చుండియుండును. అతని తెరపై ఒక క్రొత్త చుక్క వెలుగును. దానిని నమ్మి విమానమును త్రిప్పవలెనా, నమ్మక ఊరకుండవలెనా? తొందరపడి నమ్మరాదని వాషింగ్టను నేర్పినది. విసుగుతో చెవులు మూసికొనరాదని గువామ్ నేర్పినది. అతడు చోదకుని పిలిచి, "నీ వెక్కడ నున్నావు? నీ ఎత్తెంత?" అని మరియొకసారి అడుగును. ఆకాశమున పోవు వందలాది ప్రాణములు ఆ అడుగుటపై ఆధారపడియున్నవి.